పీజీల పోస్టింగు చార్ట్ ఎట్టా వేయాలి? (పాథాలజీ, సెంట్రల్ ల్యాబ్, బ్లడ్ బ్యాంకు) ఐడియాలు చెప్పండి

పెన్నా_గట్టు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు పక్క ఒక మెడికల్ కాలేజీలో పాథాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ని. మొన్న మా హెచ్‌ఓడీ మేడమ్ పిలిచి కొత్త బ్యాచ్ వస్తా ఉంది, పోస్టింగుల చార్ట్ ఈసారి నువ్వే వెయ్యి, పాతది నాకూ నచ్చట్లేదు అని నా నెత్తిన పెట్టేసింది. మాకు ఏడాదికి 4 సీట్లు, మూడేళ్లకీ కలిపి 12 మంది. పాత చార్ట్ అంటే ఎవరో ఎప్పుడో వేసిన ఎక్సెల్ షీటు, ఏటా పేర్లు మార్చి ప్రింటు తీసి బోర్డుకి అంటించడమే. నెలకో సెక్షన్. ఒకటో తారీఖు వచ్చిందంటే చేతిలో బోన్ మ్యారో (ఎముక మజ్జ) స్లైడు సగంలో ఉన్నా సరే వదిలేసి పక్క గదికి పోవాల్సిందే.

నిన్న రాత్రి కూర్చుని నేనేసిన లెక్క ఇది. 36 నెలల్లో హిస్టోపాథాలజీ (కండ ముక్కల స్లైడ్లు) 12, సైటాలజీ (విడి కణాల స్లైడ్లు) 6, హెమటాలజీ (రక్త కణాల పరీక్షలు) 6, క్లినికల్ పాథాలజీ (యూరిన్ లాంటి మామూలు పరీక్షలు) 3, బ్లడ్ బ్యాంకు 3, బయోకెమిస్ట్రీ 1, మైక్రోబయాలజీ 1, జిల్లా ఆస్పత్రిలో తప్పనిసరి డ్యూటీ (డీఆర్‌పీ) 3, మిగిలిన 1 ఎలెక్టివ్ (వాళ్లకి నచ్చిన సెక్షన్). కూడితే సరిపోయింది. చూడ్డానికి బాగానే ఉంది గానీ పెళ్లి భోజనాల్లో బంతికి ఎంతమంది అని లెక్కేసినట్టుంది, దీన్ని పట్టుకుని మేడమ్ దగ్గరికి పోతే ఏం మారింది అంటది.

బ్లాకు నెలా, మూడు నెలలా? బ్లడ్ బ్యాంకు ముందు పెట్టాలా వెనక పెట్టాలా? బయోకెమ్, మైక్రో వాళ్లు మా పీజీలు వస్తే ఏం చేయించాలో తెలీక రికార్డులు రాయిస్తా ఉండారు, దానికేంది మందు? అనుభవం ఉన్నోళ్లు చెప్పండి.

స్లైడ్ల_సుబ్బడు | ఆదివారం రాత్రి 10:05

సార్ నేను సెకండియర్ పీజీ, మీ కాలేజీ కాదులెండి. బ్లడ్ బ్యాంకు ముందు పెట్టండి సార్ దండం పెడతా. నేను జాయినైన మూడో వారంలోనే నన్ను నైట్ డ్యూటీ వేశారు, ఎంబీబీఎస్‌లో గ్రూపింగు ఒకసారి టైల్ మీద చేసిన ఘనత తప్ప నాకేం తెలీదు. రాత్రి ఒంటిగంటకి వార్డు నుంచి హిమోగ్లోబిన్ 4 ఉన్న ఒకమ్మకి రక్తం కావాలని వచ్చారు, టెక్నీషియన్ అన్న ఏ బ్యాగు పెట్టినా క్రాస్ మ్యాచ్ (పేషెంటు రక్తానికి బ్యాగు రక్తం సరిపడుద్దా అనే పరీక్ష) కలవట్లేదు సార్, ఏం చేయమంటారు అని నా మొహం చూస్తాడు, నేను ఆయన మొహం చూస్తా. ఆరు బ్యాగులు పెట్టాం. ఆరూ గడ్డ కట్టాయి. పైన వార్డులో హౌస్ సర్జన్ ఫోన్ మీద ఫోను. రెండింటికి మా సీనియర్ అక్కకి ఫోన్ చేస్తే నిద్రలోనే అడిగింది డీసీటీ పెట్టావా అని. డీసీటీ అంటే డైరెక్ట్ కూంబ్స్ (ఎర్ర కణాలకి యాంటీబాడీ అంటుకుందేమో చూసే పరీక్ష) అని తెలుసు గానీ ఎందుకు పెట్టాలో ఆ టైములో తట్టలా. పెడితే నాలుగు ప్లస్, అంటే గట్టి పాజిటివ్ వచ్చింది. ఆటో ఇమ్యూన్ హిమోలిసిస్, ఆమె ఒంట్లో యాంటీబాడీ ఆమె కణాల్నే పట్టుకుంటా ఉంది, ఇంక ఎవరి రక్తమైనా ఎట్టా కలుస్తది. చివరికి అక్క నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చి ఉన్నవాటిల్లో అన్నిటికన్నా తక్కువ రియాక్షన్ ఉన్న బ్యాగు చూసి, ఫిజీషియన్‌తో మాట్లాడి, నిదానంగా ఎక్కించమని రాయించింది. ఆమె బతికింది. నేను మాత్రం వారం రోజులు అన్నం సరిగా తినలా.

నా బ్లడ్ బ్యాంకు పోస్టింగు చార్ట్ ప్రకారం ఎప్పుడో తెలుసా, 29వ నెల.

రక్తనిధి_అక్క | ఆదివారం రాత్రి 10:31

సుబ్బడూ నీకు ఒక బిర్యానీ బాకీ నాన్నా, ఈ కథ నేను ప్రతి కొత్త బ్యాచ్‌కి చెప్పుకుంటా.

నేను బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసర్ని, 14 ఏళ్లుగా. పెన్నా గట్టు గారూ, మీరు నెలలు లెక్కేసే ముందు ఇంకో కాగితం తీసుకోండి, నైట్ డ్యూటీలో పీజీ ఒక్కడే ఉన్నప్పుడు వాడి మీద పడేవి ఏంది అని రాయండి. అవన్నీ చేతికి వచ్చాకే నైటు. తలకిందులుగా చేస్తున్నాం మనం, అందరం. ఖాళీ ఉన్నోడిని నైట్ వేస్తాం, కొత్తోడే గదా ఖాళీగా ఉండేది.

నా దగ్గర ఎవరొచ్చినా ముందు గ్రూపింగు, ఫార్వర్డూ (కణాలతో చేసేది) రివర్సూ (సీరంతో చేసేది) రెండూ, ట్యూబులో, స్వయంగా చేయాలి. రివర్స్ ఎందుకు మేడమ్ అని అడిగినోడికి బాంబే గ్రూపు గురించి చెప్తా. ఫార్వర్డ్‌లో అచ్చం ఓ గ్రూపు లాగే కనపడతది, ఓ కణాలతో రివర్స్ పెడితేనే గడ్డ కట్టి బయటపడతది. 1952లో బొంబాయిలో భేండే గారి బృందం కనిపెట్టింది గాబట్టి ఆ పేరు. అట్టాంటి మనిషికి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదకి వస్తది. మెషీన్ చెప్తది గదా అంటారు ఇప్పటి పిల్లలు. మెషీన్ ఆగిపోయిన రాత్రి ఎవరు చెప్తారు?

తర్వాత క్రాస్ మ్యాచ్, కూంబ్స్ రెండు రకాలు, ట్రాన్స్‌ఫ్యూజన్ రియాక్షన్ వస్తే బ్యాగు నుంచి యూరిన్ దాకా ఏమేం తెప్పించాలి. ఇది ఆరు వారాల పని. ఆ ఆరు వారాలూ మొదటి ఏడాదిలోనే. మళ్లీ థర్డ్ ఇయర్‌లో ఒక నెల రావాలి, అప్పుడు పని వేరే. ప్లేట్‌లెట్లు 5 రోజులే ఉంటాయి, 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊగుతా ఉండాలి, ఎర్ర కణాలు 2 నుంచి 6లో, అడిటివ్ (కణాల్ని నిలవ ఉంచే ద్రావణం) ఉన్న బ్యాగు అయితే 42 రోజులు, లేకపోతే 35. ఇవన్నీ పుస్తకంలో ఉండేవే. కానీ డెంగీ సీజన్లో ఎన్ని ప్లేట్‌లెట్ యూనిట్లు తయారు పెట్టుకోవాలి, ఎన్ని పారేయాల్సి వస్తది, క్యాంపు ఎప్పుడు పెట్టాలి అనే లెక్క పుస్తకంలో లేదు, అది థర్డ్ ఇయర్ పిల్లలకి అప్పజెప్పాలి.

ఒంగోలు_పాత_మైక్రోస్కోపు | సోమవారం ఉదయం 6:12

నేను రిటైరై చాలా కాలమైంది, ఒంగోల్లో ఉంటాను. మా రోజుల్లో చార్ట్ అనేదే లేదు నాయనా. ప్రొఫెసర్ గారి ఎదురు బల్ల మీద కూర్చోవడం, స్లైడ్లు అయ్యేదాకా లేవకపోవడం, అంతే రొటేషన్. డీసీపీ (క్లినికల్ పాథాలజీలో రెండేళ్ల డిప్లొమా) చేసినవాళ్లు కూడా జిల్లా ఆస్పత్రిలో ఒంటిచేత్తో ల్యాబు నడిపేవారు.

హిస్టోపాథాలజీని ముక్కలు చేయకండి. కన్ను కుదరడానికి టైము పడుతుంది. నెల చూసి రెండు నెలలు మానేస్తే లింఫ్ నోడ్ స్లైడు చదవడం మళ్లీ మొదటికే వస్తుంది. కనీసం ఆరు నెలలు ఒక్క బిగిన ఇవ్వండి. ఈ నెలకో సెక్షన్ అనేది ఇన్‌స్పెక్షన్ వాళ్లకి చూపించడానికి పనికొస్తుంది, నేర్చుకోడానికి కాదు.

స్లైడ్ల_సుబ్బడు | సోమవారం ఉదయం 7:50

ఆరు నెలలు ఒక్క బిగిన గ్రాసింగ్ (ఆపరేషన్ ముక్కలు కోసే) టేబుల్ దగ్గర నిలబెడితే ఫార్మలిన్‌కి కళ్లే పోతాయి సార్, ఇంక కుదిరేదేముంది 🙂

ఒంగోలు_పాత_మైక్రోస్కోపు | సోమవారం ఉదయం 8:03

ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించమని అడగండి, పారిపోకండి.

కందుకూరు_శీను | సోమవారం మధ్యాహ్నం 1:25

సార్లూ మేడములూ మాట్లాడుకునే కాడ నేను దూరొచ్చో లేదో తెలీదు, నేను ల్యాబ్ టెక్నీషియన్ని, 22 ఏళ్ల నుంచి శాంపిళ్లు తీస్తా ఉండా. తప్పుగా అనుకోవద్దు, నాకొకటి చెప్పాలనిపించింది. పీజీ డాక్టర్లు మా కలెక్షన్ కౌంటర్‌కి రానే రారు. వాళ్లకి శాంపిల్ అంటే బార్‌కోడు అతికించిన ట్యూబు, అది యాడ నుంచి ఊడిపడిందో తెలీదు.

ఒకసారి ఏమైందంటే సాయంత్రం ఒక రిపోర్టు వచ్చింది, పొటాషియం 9, కాల్షియం 4. మనిషేమో వార్డులో కూర్చుని ఇడ్లీ తింటా ఉండాడు. పొటాషియం 9 ఉన్నోడు ఇడ్లీ తింటాడా సామీ. ఆ రోజు డ్యూటీ పీజీ గారు ఏం రాశారంటే క్లినికల్ కోరిలేషన్ అడ్వైజ్డ్ (రోగితో పోల్చి చూసుకోండి) అని రాసి సంతకం పెట్టేశారు. నేను పోయి ట్యూబు చూస్తే అర్థమైంది, కొత్తగా వచ్చిన నర్సమ్మ ఎర్ర మూత ట్యూబుకి రక్తం చాల్లేదని ఊదా మూత దాంట్లోంచి కొంచెం వొంపేసింది. ఊదా మూతలో ఉండేది పొటాషియం ఈడీటీఏ, రక్తం గడ్డ కట్టకుండా వేసే మందు. అది పొటాషియాన్ని పెంచుద్ది, కాల్షియాన్ని మింగేస్తది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పడిపోయి ఉండాది ఆ రిపోర్టులో, మూడూ కలిపి చూస్తే చెప్పేయొచ్చు. ఎవరూ మూడూ కలిపి చూళ్లా.

అందుకని నా మాట ఏందంటే, వచ్చిన మొదటి నెల వాళ్లని మా కాడికి పంపండి. సూది గుచ్చమనండి. ఏ ట్యూబు ముందు ఏ ట్యూబు తర్వాత, నీలం మూత దాంట్లో గీత దాకా రక్తం రాకపోతే ఏమైద్ది, బూడిద మూత ఎందుకు, సెంట్రిఫ్యూజ్ ఎప్పుడు పెట్టాలి, ఇయన్నీ నేనే నేర్పిస్తా. జీతం ఎక్కువ అడగనులెండి.

పెన్నా_గట్టు | సోమవారం మధ్యాహ్నం 2:10

శీనన్నా దూరడం ఏంది, బొట్టు పెట్టి పిలవాలా నిన్ను? ఇది నా చార్ట్‌లో అసలు లేనే లేదు, 36 నెలల్లో శాంపిల్ తీయడానికి ఒక్క రోజు కూడా వేయలా. సిగ్గుగా ఉంది.

గుండ్లకమ్మ | సోమవారం సాయంత్రం 6:48

బయోకెమిస్ట్రీ తరఫున నేను మాట్లాడతా, మా మీద కంప్లైంట్ వచ్చింది గదా రికార్డులు రాయిస్తున్నామని. నిజమే. ఒక నెల కోసం వచ్చే పాథాలజీ పిల్లలకి ఏం చెప్పాలో మాకెవరూ చెప్పలేదు, వాళ్లేమో పది రోజుల్లో సెలవు పెట్టి థీసిస్ పనికి పోతారు. తిలాపాపం తలా పిడికెడు.

నేనైతే గత రెండేళ్లుగా ఒక పద్ధతి పెట్టుకున్నా. వచ్చిన మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉదయం ఏడున్నరకి కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) రన్ చేయడం పీజీ పని. లెవీ జెన్నింగ్స్ చార్ట్ (రోజువారీ కంట్రోల్ విలువల గ్రాఫు) వాళ్లే చూడాలి, ఏ పారామీటరు వదలాలో ఏది ఆపాలో వాళ్లే చెప్పాలి, నేను వెనకాల నిలబడి ఉంటా. 2 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, సగటు నుంచి ఎంత దూరం పోయిందనే కొలత) దాటితే ఉలిక్కిపడి మెషీన్ ఆపేస్తారు మొదట్లో. అది హెచ్చరిక మాత్రమే, ఇంకా చూడు అంటా. 3 ఎస్‌డీ దాటితే ఆపాలి. వరసగా రెండు సార్లు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటినా ఆపాలి. పది పాయింట్లు వరసగా సగటుకి ఒకే పక్కన కూర్చుంటే, ఏదీ గీత దాటకపోయినా, అక్కడేదో జరగతా ఉంది. ఈ వెస్ట్‌గార్డ్ రూల్సు పరీక్షకి బట్టీ కొడతారు గానీ నిజంగా పది చుక్కలు ఒక పక్కకి పోవడం కళ్లతో చూసినోళ్లు తక్కువ.

పోయిన ఎండాకాలం మా దగ్గర ఇదే జరిగింది. కాల్షియం కంట్రోలు మెల్లగా పైకి పోతా ఉంది, రోజుకి కొంచెం. రీఏజెంట్ లాటు మార్చాం, కాలిబ్రేషన్ చేశాం, లాభం లేదు. ఆ నెల నా దగ్గరున్న పాథాలజీ అమ్మాయి మూడు రోజులు దాని వెనకే పడి చివరికి అడిగింది మేడమ్ మెషీన్‌కి పోయే నీళ్లు ఎక్కడివి అని. నీళ్ల ప్లాంటులో రెజిన్ (నీళ్లలో ఉప్పుల్ని పట్టేసేది) అయిపోయింది! మన ప్రకాశం నీళ్ల సంగతి చెప్పాలా, ఇంట్లో గీజర్ కాయిల్ చూసిన ఎవరికైనా తెలుసు. ఆ అమ్మాయికి ఆ ఒక్క నెలలో వచ్చిన చదువు నేను మూడు నెలలు క్లాసులు చెప్పినా రాదు. ఆ నెలలో ఆమె ఒక్క రికార్డు కూడా రాయలేదు.

ఒక నెల తక్కువేమీ కాదు, ఆ నెలలో వాళ్లకి తాళం చెవి ఇస్తే.

అగార్_అమ్మాయి | సోమవారం సాయంత్రం 7:15

మైక్రోకి మాత్రం ఒక నెల తక్కువే. వాదించను, లెక్క చెప్తా. బ్లడ్ కల్చర్ నెగెటివ్ అని చెప్పాలంటేనే 5 రోజులు. టీబీ లిక్విడ్ కల్చర్ 42 రోజులు చూడాలి. అంటే 1వ తారీఖున పీజీ తన చేత్తో పెట్టిన టీబీ కల్చర్ రిజల్ట్ వచ్చేసరికి ఆయన సైటాలజీలో సూదులు గుచ్చుతా ఉంటాడు. విత్తనం ఒకడు వేస్తాడు, కోత ఇంకొకడు చూస్తాడు.

ఇంకోటి, ఎవరూ ఆలోచించనిది, నెల ఏది అని. నెల్లూరికి వాన ఎప్పుడు? మిగతా రాష్ట్రానికి జూన్ జులై, మనకి అసలు వాన అక్టోబరు నవంబరులోనే, ఈశాన్య రుతుపవనాలు. జ్వరాలూ అప్పుడే. డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, లెప్టో, నలుగురూ ఒకేసారి తలుపు కొడతారు. డెంగీకి జ్వరం మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్ చూసే పరీక్ష), తర్వాత ఐజీఎం (యాంటీబాడీ చూసే పరీక్ష) అనే ముక్క అందరూ చెప్తారు. మూడో రోజు వచ్చిన మనిషికి ఐజీఎం అడిగితే ఫోన్ చేసి ఎందుకు సార్ అని అడగడం నవంబరులో మా బెంచీ మీద కూర్చున్నోడికే వస్తది. మీ చార్ట్‌లో ఒకడికి మైక్రో ఏప్రిల్‌లో పడుతుంది, ఇంకొకడికి ఫిబ్రవరిలో. ఏప్రిల్‌లో మా దగ్గర ఉండేది యూరిన్ కల్చర్లు, ఏసీ రిపేరు.

నేనడిగేది, నెల నెలే ఉంచండి, కానీ అందరికీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే వేయండి. ఇద్దరు సెకండియర్‌లో వస్తే ఇద్దరు థర్డ్ ఇయర్‌లో వస్తారు. అది కాక ఏడాది పొడుగునా రోజూ మధ్యాహ్నం 12 నుంచి అరగంట ప్లేట్ రౌండ్ (కల్చర్ ప్లేట్లు అందరూ కలిసి చూడటం), ఆ టైములో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు రావచ్చు. మా పీజీలు కూడా మీ సెప్టిక్ గ్రాన్యులోమా స్లైడు చూడ్డానికి వస్తారు, మీరు టీ ఇప్పిస్తే.

ట్రంకురోడ్డు_ఫిజీషియన్ | సోమవారం రాత్రి 9:02

నేను ల్యాబు మనిషిని కాదు, ల్యాబు రిపోర్టులతో బతికే మనిషిని, అంటే కస్టమర్ అనుకోండి. మీ పీజీలకి ఫోన్ చేయడం నేర్పండి. పొటాషియం 7 వస్తే రాత్రి ఎనిమిదింటికి రిపోర్టు ప్రింటు తీసి డ్రాలో పెడతారు, పొద్దున రౌండ్స్‌లో మేం చూస్తాం. క్రిటికల్ వాల్యూ (ప్రాణాపాయం చెప్పే రిజల్ట్) వస్తే ఫోన్ చేసి ఎవరితో మాట్లాడామో, ఎన్నింటికో, అవతలివాళ్లు తిరిగి చదివి చెప్పారో లేదో రాసుకోవాలి. ఇదంతా గోడ మీద కాగితంలో ఉంటది. చేసేవాళ్లు క్లర్కు అన్నట్టు చూస్తారు.

ఇంకొకటి, ప్లేట్‌లెట్లు 30 వేలు అని వస్తది, పేషెంటు ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. స్మియర్ (రక్తపు చుక్క పరిచిన స్లైడు) చూశావా బాబూ అంటే మెషీన్ ఇచ్చింది సార్ అంటాడు. గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి, ఈడీటీఏ పని, సిట్రేట్‌లో తీసి మళ్లీ చూసి 1.1తో గుణిస్తే లక్షా ఎనభై వేలు. ఆ మనిషి అప్పటికే ప్లేట్‌లెట్లు కావాలని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టించేశాడు, చుట్టాలంతా కారేసుకుని బయల్దేరారు.

వారానికి ఒక రోజు పీజీని మెడిసిన్ రౌండ్స్‌కి పంపండి, నా మాట విని. తన రిపోర్టు అవతల మంచం మీద ఏమవుతుందో చూస్తాడు.

కావలి_పిల్లోడు | సోమవారం రాత్రి 11:55

నేను అమెరికాలో ఏపీసీపీ (అనాటమిక్, క్లినికల్ పాథాలజీ కలిపి) రెసిడెన్సీ చేశా, ఊరు కావలి. ఇక్కడ కంబైన్డ్ ట్రైనింగ్ 4 ఏళ్లు, అందులో కనీసం 18 నెలలు అనాటమిక్, 18 నెలలు క్లినికల్ పాథాలజీ, మిగతా 12 నెలలు రెండింట్లో ఏదైనా. అంటే మన ఎండీలో మైక్రో, బయోకెమ్, బ్లడ్ బ్యాంకు అని మూడు డిపార్ట్‌మెంట్ల గోడలు ఉంటే ఇక్కడ ఒకడే మనిషి అన్నిట్లో తిరుగుతాడు. దిల్లీ ఎయిమ్స్‌లో ఎండీ ల్యాబొరేటరీ మెడిసిన్ అని ఉంది గదా, దాని ఆలోచన దీనికి దగ్గర.

నాకు పనికొచ్చింది నెలల లెక్క కాదు, సీపీ కాల్. వారం పాటు ఫోను నీ దగ్గర ఉంటది, బ్లడ్ బ్యాంకు అయినా కోగ్యులేషన్ (రక్తం గడ్డ కట్టడం) అయినా మైక్రో అయినా డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నా ముందు నీకే. తెలియకపోతే అటెండింగ్‌కి, అంటే పై డాక్టరుకి చేస్తావు. వారం అయిన మర్నాడు పొద్దున అందరి ముందు ఆ వారం వచ్చిన ఫోన్లు చదవాలి, ఏం అడిగారు, ఏం చెప్పాను, అది కరెక్టేనా. అందులో పరువు పోయిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. అమ్మతో చెప్పుకుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి లెండి.

కానీ దీన్ని ఎత్తుకొచ్చి అట్టాగే పెట్టొద్దు. ఇక్కడ ఒక్కో సెక్షన్‌కీ ఒక డైరెక్టరు, గ్రాసింగ్‌కి అసిస్టెంట్లు ఉంటారు. మీకు 12 మంది పీజీలే చేతులూ కాళ్లూ.

పెన్నా_గట్టు | మంగళవారం ఉదయం 7:20

ఫోన్ల రికార్డు ఐడియా ఎత్తుకెళ్తున్నా తమ్ముడూ. ఒక పాత సెల్‌ఫోన్ కొంటే చాలు, డిపార్ట్‌మెంట్ ఖర్చు కూడా కాదు.

డీఆర్‌పీ గురించి ఎవరూ మాట్లాడలేదేంది? 3, 4, 5 సెమిస్టర్లలో ఏదో ఒకదాంట్లో 3 నెలలు తప్పనిసరి. పోయినేడు మావాళ్లు నలుగుర్నీ ఒకేసారి పంపేశారు, డిపార్ట్‌మెంట్ ఖాళీ, ఫస్టియర్ పిల్లలు గ్రాసింగ్ టేబుల్ దగ్గర దిక్కులు చూస్తా నిలబడ్డారు.

స్లైడ్ల_సుబ్బడు | మంగళవారం ఉదయం 8:40

అది సగం కథే సార్. వెళ్లినోళ్లకి అక్కడ ఏం పని? నేను ఒక ఆస్పత్రికి పోయా, పేరు చెప్పను. అక్కడ ల్యాబులో మూడు రకాల మెషీన్లు, ఒక మైక్రోస్కోపు, ఆయిల్ లెన్స్ మసకబారి ఉంది. మూడు నెలలూ మలేరియా స్లైడ్లు చూశా, హిమోగ్లోబిన్లు సంతకం పెట్టా. మొదట విసుగొచ్చింది. తర్వాత లెన్స్ తుడిపించా, లీష్మన్ స్టెయిన్ (స్లైడుకి వేసే రంగు) కొత్తది చేశాం, బఫర్ పీహెచ్ సరిచేస్తే కణాలు కణాల్లాగా కనపడ్డాయి. అంతకుముందు అన్నీ నీలం ముద్దలే. రెండో నెలలో ఒక పిల్లోడి స్మియర్‌లో బ్లాస్టులు (బ్లడ్ క్యాన్సర్ అనుమానం తెచ్చే పచ్చి కణాలు) చూసి పంపించాం. అక్కడ నాకు సార్లు ఎవరూ లేరు, అదే మంచిదైందేమో.

థీసిస్ మాత్రం కేసులు మూడు నెలలు ఆగిపోయాయి. దాని గురించి ఎవరూ పట్టించుకోరు.

గుండ్లకమ్మ | మంగళవారం మధ్యాహ్నం 12:35

థీసిస్‌ని డీఆర్‌పీతో కలపొచ్చు గదా. మన పక్క పశ్చిమాన కనిగిరి, దర్శి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లు. మనుషుల్లో ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట 1937లో వైద్య పత్రికకి ఎక్కింది ఈ ప్రాంతం నుంచే, అప్పుడు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. దేశంలో మొదట మన గడ్డ మీదే బయటపడిన జబ్బు, మన పీజీల్లో ఎంతమంది ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ని చూశారు? తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము మంచి లెక్క, వేరే దారి లేకపోతే 1.5 దాకా. యూరిన్ ఫ్లోరైడు, ఆల్కలైన్ ఫాస్ఫటేజు, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను), వీటితో చక్కటి థీసిస్ అవుతుంది, డీఆర్‌పీ ఆ పక్క ఆస్పత్రిలో వేస్తే కేసులూ అక్కడే. ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ముందే తీసుకోవాలి, అది మర్చిపోవద్దు.

కందుకూరు_శీను | మంగళవారం మధ్యాహ్నం 1:50

మేడమ్ ఆ పక్కనుంచి శాంపిల్ బస్సులో పంపితే షుగర్ సంగతి కూడా చెప్పండి. ఎండాకాలం బూడిద మూత ట్యూబు లేకుండా మామూలు ట్యూబులో తెస్తే కణాలే షుగర్ తినేస్తాయి, గంటకి నూటికి అయిదు ఏడు తగ్గుద్ది. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో షుగర్ రోగి కాస్తా మంచోడైపోతాడు.

రక్తనిధి_అక్క | మంగళవారం మధ్యాహ్నం 2:05

శీనన్నని ప్రొఫెసర్ చేయండి ముందు.

ఒంగోలు_పాత_మైక్రోస్కోపు | మంగళవారం సాయంత్రం 5:30

అన్నీ చదివాను. శాంపిల్ దగ్గర మొదలుపెట్టడం బాగుంది, నేను ఒప్పుకుంటాను. మేం కూడా చేసేవాళ్లం, నేర్పినట్టు కాదు, మనుషులు లేక. హిస్టో విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. మొదటి ఆరు నెలల తర్వాత ముక్కలు చేసుకోండి. వేరే సెక్షన్లో ఉన్నా సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా స్లైడు సెషన్‌కి రావాలి అని పెట్టండి. అది నడిస్తే కన్ను మాసిపోదు.

పెన్నా_గట్టు | మంగళవారం రాత్రి 11:10

సరే, మూడు గంటలు కూర్చుని మళ్లీ వేశా. తిట్టేవాళ్లు తిట్టండి.

ఫస్టియర్‌లో మొదటి నెల నలుగురూ శాంపిల్ వెనక తిరగడం. కలెక్షన్ కౌంటర్, రిసెప్షన్, సెంట్రిఫ్యూజ్, మెషీన్, రిపోర్టు, ఫోన్, ఒక శాంపిల్ ఎట్టా పోతదో అట్టాగే వాళ్లూ పోవాలి. తర్వాత అయిదు నెలల్లో ఇద్దరిద్దరుగా విడగొట్టి, రెండు నెలలు బ్లడ్ బ్యాంకు, మూడు నెలలు హెమటాలజీ క్లినికల్ పాథాలజీ కలిపి, ఒక జత అటుంటే ఇంకో జత ఇటు. అక్క చెప్పిన పనులు నాలుగూ చేతికి వచ్చాయని సంతకం పడేదాకా నైటుకి ఒంటరిగా పంపం, అప్పటిదాకా నైట్లు సీనియర్లవే. థర్డ్ ఇయర్ వాళ్లు గొడవ చేస్తారు, తెలుసు. తర్వాత పెద్దాయన మాట ప్రకారం ఆరు నెలలు ఏకంగా హిస్టో, ఏడాది అయిపోయింది.

సెకండియర్‌లో సైటాలజీ 3, హిస్టో 3, డీఆర్‌పీ 3 (ఇద్దరు పోతే ఇద్దరు ఉండాలి), బోన్ మ్యారోలకి హెమటాలజీ 1, మైక్రో 1, బయోకెమ్ 1. మైక్రో కచ్చితంగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, అందుకోసం ఇద్దరికి బయోకెమ్ నెలతో పాటు థర్డ్ ఇయర్‌కి జరపాల్సి వచ్చింది, ఆ లెక్కకి నాకు తల తిరిగిపోయింది. థర్డ్ ఇయర్‌లో హిస్టో 4, సైటాలజీ 2, హెమటాలజీ 2, బ్లడ్ బ్యాంకు 1, ఎలెక్టివ్ 1, చివరి రెండు నెలలు పోస్టింగు లేదు, డిపార్ట్‌మెంట్ ఫోను వాళ్ల దగ్గరే, ఫస్టియర్ వాళ్ల గ్రాసింగ్ కూడా వాళ్లే చూడాలి. పరీక్షకి చదువుకోడానికి టైము కావాలంటారు. చదువుకోండి, ఫోన్ మోగితే ఎత్తండి.

బుధవారం పొద్దున మెడిసిన్ రౌండ్స్, రోజూ సాయంత్రం నాలుగింటికి అందరికీ స్లైడ్లు.

స్లైడ్ల_సుబ్బడు | మంగళవారం రాత్రి 11:24

సార్ బాగుంది. ఒకటే డౌటు. ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవులు మాకు రూల్లో ఉన్నాయి, అవి ఎక్కడ పెట్టారు? బ్లడ్ బ్యాంకులో ఇద్దరే ఉంటే ఒకరు లీవు పెడితే రెండో వాళ్ల గతేంది? మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మెటర్నిటీ లీవులో పోయింది, చార్ట్ మొత్తం పేకమేడలా కూలిపోయింది, తిట్లన్నీ పాపం ఆ అమ్మాయికే.

పెన్నా_గట్టు | బుధవారం ఉదయం 6:55

అది పెట్టలేదు. నిజంగా మర్చిపోయా. ఎలెక్టివ్ నెలల్ని ఖాళీ సీటు లాగా వాడుకుంటే? ఎలెక్టివ్‌లో ఉన్న థర్డ్ ఇయర్ మనిషి ఎవరైనా లాంగ్ లీవు పెడితే వచ్చి కవర్ చేయాలి, దానికి బదులు ఆ ఎలెక్టివ్ తర్వాత ఇవ్వాలి. లీవులో పోయినవాళ్లు తిరిగొచ్చాక ఆగిపోయిన చోట నుంచే మొదలు, వాళ్ల కోసం మిగతా ముగ్గురి చార్ట్ కదల్చం. మేడమ్‌ని అడిగి చెప్తా.

రక్తనిధి_అక్క | బుధవారం ఉదయం 9:15

అదంతా సరే, రొట్టెల పండగ వారం బ్లడ్ బ్యాంకు నైట్ ఎవరిది? బారాషహీద్ దర్గా దగ్గరికి జనం ఎట్టా వస్తారో తెలుసు గదా, ఆ వారం మాకు ఊపిరాడదు. ఆ పండగ వచ్చే ముహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతా ఉంటది, మీ చార్ట్‌లో ఎవరికి పడుతుందో చూసుకోండి. సంక్రాంతి కూడా.

పెన్నా_గట్టు | బుధవారం ఉదయం 9:40

చీటీలు వేస్తా. నేనే వేస్తే వడ్డించేవాడు మనవాడైతే అని సామెత చెప్తారు.

కందుకూరు_శీను | బుధవారం ఉదయం 10:02

చీటీలు నేను తీస్తా సార్. నాకు అందరూ ఒకటే.

స్లైడ్ల_సుబ్బడు | బుధవారం ఉదయం 10:04

శీనన్నా ఇది నెల్లూరు కాలేజీ, నువ్వు కందుకూరు.

కందుకూరు_శీను | బుధవారం ఉదయం 10:09

కందుకూరుని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు గదబ్బా. బస్సెక్కి వస్తా.